పాత మిలటరీ ట్రక్కు ఇంజిన్ ఇంట్లోనే విప్పుతున్నా, ఆయిల్ పోయకుండానే పెరుగుతోంది

#1 కొత్తచేతులు

అందరికీ నమస్తే. నా దగ్గర ఒక ఎం35ఏ2 ఉంది. అమెరికా సైన్యం వాడి పక్కన పెట్టిన రెండున్నర టన్నుల ట్రక్కు. ఇంజిన్ ఎల్‌డీటీ-465: ఆరు సిలిండర్లు ఒకే వరుసలో, 478 క్యూబిక్ అంగుళాలు (దాదాపు 7.8 లీటర్లు), పైన టర్బో. మల్టీఫ్యూయల్ రకం, అంటే రకరకాల ఇంధనాలతో నడిచేది. నేను మాత్రం డీజిల్ తప్ప ఏమీ పోయలేదు.

బాధ ఇదీ. ఆయిల్ ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడు 50 పీఎస్‌ఐ చూపిస్తుంది. వేడెక్కి ఐడిల్‌లోకి వచ్చేసరికి 8కి పడిపోతుంది. కింద నుంచి డబ్ డబ్‌మని మోత. నాలుగో సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదనిపిస్తోంది. ఎగ్జాస్ట్‌లో తెల్ల పొగ.

బేరింగులు పోయాయని నాకే తెలుస్తోంది. ఫుల్ కిట్ ఆర్డర్ పెట్టేద్దామనుకుంటున్నా. ఇంతకుముందు కార్ల ఇంజిన్లు రెండు విప్పి బిగించాను, ఇంత పెద్దది ఇదే మొదలు. ఆర్డర్‌కి ముందు ఏమైనా చూసుకోవాలా?

#2 పానాశీను

చూసేదేముంది అన్నా. 8 పీఎస్‌ఐ, కింద మోత అంటే మెయిన్ బేరింగులు, రాడ్ బేరింగులు రెండూ అయిపోయినట్టే. ఇంజిన్ దించు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రుద్దించు, షెల్స్ (బేరింగ్ రేకులు), రింగులు, ప్యాకింగ్ సెట్ వేసి బిగించు. ఒక్క మాట, కార్లకు వాడే ఇంజిన్ స్టాండ్ మీద దీన్ని ఎక్కించకు. అర టన్నుకు మించిన ఇనుము అది. స్టాండ్ కాలు వంగితే పాదం మీదే పడుతుంది.

#3 మైక్రోమీటర్

శీను చెప్పింది తప్పు కాదు కానీ, టైటిల్‌లో ఉన్న ముక్క పోస్టులో లేదేంటి? "ఆయిల్ పోయకుండానే పెరుగుతోంది" అన్నారు. అదే అసలు సంగతి కదా. ఎంత పెరిగింది? ఎన్ని గంటలు తిప్పితే?

#4 కొత్తచేతులు

రాస్తూ రాస్తూ మర్చిపోయాను. ఆయిల్ మార్చాక ఓ ఆరు గంటలు తిప్పి ఉంటాను. డిప్‌స్టిక్ మీద ఫుల్ గుర్తు దాటి వేలెడు పైకొచ్చింది. కొలత తప్పుగా చూశానేమో అనుకుని వదిలేశా.

#5 సుత్తిబాబాయ్

ఆయిల్ తాగే ఇంజిన్లు చూశాను గానీ కనే ఇంజిన్ ఇదే మొదటిసారి. సైన్యంవాళ్లు కడుపు నిండా తాగించి పంపి ఉంటారు 😀

సరే, సీరియస్‌గా. పెరిగిందంటే రెండే దారులు, నీళ్లైనా దిగాలి, డీజిల్ అయినా దిగాలి. నీళ్లైతే ఆయిల్ బూడిద రంగులోకి తిరిగి చిక్కగా నురగ కడుతుంది. డీజిల్ అయితే నల్లగానే ఉండి పలచబడుతుంది. డిప్‌స్టిక్ తుడిచిన గుడ్డ వాసన చూడు.

#6 కొత్తచేతులు

చూశాను. డీజిల్ వాసన గుప్పుమంటోంది. ఒక తెల్ల కాగితం మీద చుక్క వేసి రాత్రంతా వదిలేశా. మధ్యలో నల్ల మచ్చ, దాని చుట్టూ బారెడు పలచటి పసుపు వలయం. పక్కనే కొత్త ఆయిల్ చుక్క వేశా, దానికి అంత వలయం రాలేదు.

#7 డీజిల్‌వాసన

ఈ ఇంజిన్ మీద చాలాకాలం పనిచేశాను, కొంచెం వివరంగా చెప్తాను.

దీని ఇంజెక్షన్ పంపు (సిలిండర్లకు డీజిల్‌ని ఒత్తిడితో పంపేది) అమెరికన్ బాష్ పీఎస్‌బీ రకం. ఆరు సిలిండర్లకు ఆరు విడి ప్లంజర్లు (డీజిల్‌ని నెట్టే కడ్డీలు) ఉండవు. ఒకే ప్లంజర్ తిరుగుతూ ఆరింటికీ పంచుతుంది. పంపు లోపలి భాగాలకు లూబ్రికేషన్ ఇంజిన్ ఆయిలే. అంటే డీజిలూ ఆయిలూ ఒకే పెట్టెలో, గోడకు అటు ఒకటి, ఇటు ఒకటి. ఆ గోడ అంటే సీళ్లు, ప్లంజర్‌కీ అది కదిలే గొట్టం బ్యారెల్‌కీ మధ్య సందు. ఏళ్ల తరబడి కదలకుండా నిలబడిన బండిలో రబ్బరు గట్టిపడుతుంది. అప్పుడు డీజిల్ పంపులోంచి ఆయిల్‌లోకి, ఆయిల్‌తో పాటు సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టె) దిగుతుంది.

పలచబడ్డ ఆయిల్ బేరింగ్‌ని తేల్చి నిలబెట్టలేదు. లోహం లోహాన్ని రాసుకుంటుంది. మీ బేరింగులు పోయిన మాట నిజమే అయి ఉండొచ్చు, కానీ అది ఫలితం. కారణం పంపులో ఉంటే, కొత్త షెల్స్ వేసిన ఇంజిన్‌కి కూడా ఇదే గతి పడుతుంది.

విప్పకముందే తేల్చుకునే చిన్న పరీక్ష ఉంది. ఈ ట్రక్కుకి ట్యాంకులోనే 24 వోల్టుల పంపు ఉంది కదా, ఇంజిన్ తిరగకపోయినా స్విచ్ వేస్తే అది తిరుగుతుంది. ఆయిల్ మొత్తం దించి, డ్రెయిన్ ప్లగ్ తీసి ఒక రాత్రి వదిలేయండి, ఉన్న జిడ్డంతా కారిపోవాలి. మర్నాడు కింద శుభ్రమైన గిన్నె పెట్టి, ట్యాంక్ పంపు ఒక అరగంట తిప్పండి. గిన్నెలో ఏం పడుతుందో చూడండి. దగ్గర్లో నిప్పు, స్పార్క్ లేకుండా చూసుకోండి.

#8 పానాశీను

ఇంత తిప్పుడు ఎందుకు? ఎలాగూ పంపు కూడా సర్వీసుకి ఇస్తాడు కదా.

#9 మైక్రోమీటర్

ఇస్తాడని గ్యారంటీ ఏంటి? #2లో నువ్విచ్చిన లిస్టే చూడు శీనూ, అందులో పంపు ఊసే లేదు. చాలామంది ఇంజిన్ మొత్తం కొత్తది చేసి, పంపుని మాత్రం గుడ్డతో తుడిచి మళ్లీ తగిలిస్తారు. పంపు విప్పాలంటే భయం మరి.

#10 కొత్తచేతులు

పరీక్ష చేశాను.

రాత్రి వదిలేస్తే పొద్దున్నకి నల్ల చుక్కలు ఆగిపోయాయి. స్విచ్ వేసి కింద పడుకున్నా. పది నిమిషాలు ఏమీ లేదు. లేచి వచ్చేద్దామనుకుంటుండగా సన్నటి దార, దారం అంత. నల్లగా మొదలై రానురాను రంగు తేలిపోయింది. అరగంటకి గ్లాసు నిండా పడింది, చివరికి అచ్చం డీజిలే. ఇంజిన్ ఒక్క చుట్టు కూడా తిరగలేదు!

డీజిల్‌వాసన గారూ, మీకో దండం. ఫుల్ కిట్ పేజీ ఇంకా ఫోన్‌లో తెరిచే ఉంది, మూసేశా.

#11 పానాశీను

ఒప్పుకుంటున్నా, నేనైతే పంపు చూసేవాణ్ణి కాదు. అయినా కింద మోత ఉంది కాబట్టి ఇంజిన్ విప్పక తప్పదు. అందులో మాత్రం వెనక్కి తగ్గను.

#12 డీజిల్‌వాసన

విప్పాల్సిందే, కాదనను. పంపు దించే ముందు ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో టాప్ డెడ్ సెంటర్‌కి (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటు) తెచ్చి, పంపు మీది గుర్తులూ గేర్ల మీది గుర్తులూ ఫోటో తీసుకోండి. క్రాంక్ పైకి వచ్చింది కదా అని నమ్మొద్దు, ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర కూడా అది అక్కడికే వస్తుంది. రెండు వాల్వులూ మూసుకుని, రాకర్లు (వాల్వుల్ని నొక్కే మీటలు) వదులుగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు అంటుకునే వరుస, 1-5-3-6-2-4.

సైన్యం వాళ్ల టెక్నికల్ మాన్యువల్ ఉంది, టీఎం 9-2815-210 సిరీస్. బిగింపు టార్కులు, క్లియరెన్సులు అన్నీ అందులోవే వాడండి. ఇక్కడ ఎవరైనా, నాతో సహా, జ్ఞాపకం మీద అంకె చెప్తే నమ్మకండి.

విప్పక ముందే కంప్రెషన్ కూడా చూసేయండి. ఈ ఇంజిన్‌కి గ్లో ప్లగ్గులు ఉండవు, నాజిల్ (డీజిల్ చిమ్మే ముక్కు) తీసిన రంధ్రంలోంచే చూడాలి. పెట్రోల్ కార్ల గేజ్ పెట్టకండి, అది 300 పీఎస్‌ఐతో ఆగిపోతుంది. డీజిల్‌లో 400 దరిదాపులకు పోతుంది.

#13 కొత్తచేతులు

కంప్రెషన్: ఐదు సిలిండర్లు ఒకదానికొకటి దగ్గర దగ్గరగా ఉన్నాయి. నాలుగోది వాటిలో మూడో వంతు తక్కువ. అక్కడ గాలి ఎక్కించి విన్నాను. ఎగ్జాస్ట్‌లో శబ్దం లేదు, ఇన్‌టేక్‌లో లేదు, రేడియేటర్‌లో బుడగలు లేవు. ఆయిల్ పోసే మూత దగ్గర చెవి పెడితే బుస్ బుస్. అంటే వాల్వులు, ప్యాకింగ్ బాగానే ఉన్నాయి, రింగులే కదా?

#14 మైక్రోమీటర్

రింగులో, బోరు (పిస్టన్ కదిలే సిలిండర్ రంధ్రం) గోడో, పిస్టనో. మూడూ కిందికే ఊదుతాయి. విప్పితే తెలుస్తుంది. తెల్ల పొగకి కూడా జవాబు దొరికినట్టే, వేడి చాలక సగం కాలిన డీజిల్ అది.

#15 కొత్తచేతులు

మూడు వారాలుగా ఇక్కడికి రాలేదు, చేతులు ఖాళీ లేక.

బానెట్, గ్రిల్, రేడియేటర్ తీశాక ముందు నుంచి దారి తెరుచుకుంది. ఇంజిన్‌ని చెయిన్ హాయిస్ట్‌తో లేపి, నేను వెల్డింగ్ చేసుకున్న ఇనుప చట్రం మీద కూర్చోబెట్టా. కదలదు, తిరగదు, కాబట్టి సంప్ విప్పేటప్పుడు మెడ విరిగింది.

దీనికి హెడ్‌లు రెండు, ఒక్కోటి మూడేసి సిలిండర్లకు. ముందు హెడ్ సులువుగా వచ్చింది. వెనకది ప్యాకింగ్‌కి అతుక్కుపోయి రెండు రోజులు సతాయించింది. స్క్రూడ్రైవర్ దూర్చి లేపుదామనిపించింది. హెడ్ ముఖం మీద గీత పడితే జీవితాంతం ఏడవాలని ఆగాను. చివరికి పైన రెండు లిఫ్టింగ్ పాయింట్లకు హాయిస్ట్ తగిలించి కాస్త బిగువు ఇచ్చి, చుట్టూ చెక్క సుత్తితో తడుతూ పోతే టక్‌మని వదిలింది.

నాలుగో పిస్టన్ బయటికి తీస్తే రెండో రింగు గాడిలోనే కార్బన్‌తో గట్టిగా బిగిసిపోయి ఉంది. వేలితో నొక్కితే కదలదు. బోరు గోడకు ఒక పక్క నున్నగా అద్దంలా మెరుస్తోంది.

బేరింగ్ షెల్స్: నాలుగో రాడ్ షెల్‌కి పై పూత లేచిపోయి కింద రాగి రంగు కనిపిస్తోంది. మూడో మెయిన్ కూడా అలాగే ఉంది. మిగతావి మసకబారాయి గానీ పూత ఉంది. నాలుగో రాడ్ జర్నల్ (క్రాంక్ మీద రాడ్ కూర్చునే గుండ్రటి భాగం) మీద గోరు పెట్టి లాగితే గీత తగులుతోంది.

ఒక సందేహం. పిస్టన్ నెత్తిన గుండ్రటి గుంత ఉంది, బంతిని సగానికి పైగా పాతేసినట్టు లోతుగా. మా కార్ల డీజిల్ పిస్టన్లకు పళ్లెంలాంటి గుంత చూశాను గానీ ఇలా చూడలేదు. ఇదేంటి?

#16 డీజిల్‌వాసన

మల్టీఫ్యూయల్ గుట్టంతా ఆ గుంతలోనే ఉంది! జర్మనీలో మాన్ కంపెనీ 1950లలో తెచ్చిన పద్ధతి, ఎం-సిస్టమ్ అంటారు. మామూలు డీజిల్‌లో నాజిల్ ఇంధనాన్ని తుంపరగా గాలిలోకి చిమ్ముతుంది. ఇక్కడ ఎక్కువ భాగాన్ని ఆ గుంత గోడకే పూస్తుంది, పలచటి పొరలాగా. వేడి గోడ మీంచి అది ఆవిరై, సుడి తిరిగే గాలిలో కొంచెం కొంచెంగా కలుస్తూ కాలుతుంది. అందుకే డీజిల్, కిరోసిన్, జెట్ ఇంధనం, తప్పనిసరైతే పెట్రోల్ కూడా ఇది అరిగించుకుంటుంది. పెట్రోల్ పలచన కాబట్టి ఎక్కువ మోతాదు కావాలి. దాన్ని సర్దడానికే పంపు పక్కన డెన్సిటీ కాంపెన్సేటర్ అని ఒక పెట్టె ఉంటుంది. అది కూడా కారే చోటే. డీజిల్ ఒక్కటే పోసేవాళ్లు చాలామంది దాన్ని బైపాస్ చేసేస్తారు.

ఇంకో సంగతి. గోడ మీద పూయాల్సిన ఇంధనాన్ని చెడిన నాజిల్ చుక్కలుగా కారిస్తే మొత్తం లెక్క తప్పుతుంది. సగం కాలి కార్బన్ పేరుకుంటుంది. మీ నాలుగో నాజిల్‌ని బెంచ్ మీద పరీక్షించండి. రింగు ఎందుకు బిగిసిందో అక్కడ తెలియొచ్చు.

#17 సుత్తిబాబాయ్

అయితే ఆ టర్బో పవర్ కోసం కాదా?

#18 డీజిల్‌వాసన

ప్రధానంగా నల్లపొగ తగ్గించడానికి పెట్టింది బాబాయ్. టర్బో లేని ఎల్‌డీ-465 పొగ దూరం నుంచే కనిపించేది. యుద్ధంలో అంత పొగ వదిలితే ఇక్కడున్నామని చాటింపు వేసినట్టే కదా. గాలి ఎక్కువ అందితే పొగ తగ్గింది.

#19 పానాశీను

జర్నల్ మీద గీతకి సన్నటి ఎమెరీ పట్టీ (గరుకు గుడ్డ) చుట్టి లాగు అన్నా. రెండు గంటల పని. మేం పొలం ట్రాక్టర్లకి అలాగే చేసేస్తాం, తిరుగుతాయి.

#20 మైక్రోమీటర్

గోరుకి తగిలే గీత ఎమెరీతో పోదు శీనూ. పోయేదాకా రుద్దితే జర్నల్ గుండ్రతనం పోతుంది, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. చేత్తో రుద్దిన చోట ఎంత పోయిందో కొలవకపోతే నీకు తెలియదు. కొలిస్తే భయపడతావు. క్రాంక్ గ్రైండింగ్‌కి ఇవ్వడమే మార్గం. 10 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) తగ్గించి, దానికి తగ్గ 0.010 అండర్‌సైజ్ షెల్స్ వేయాలి. ఒక్క జర్నల్ పాడైనా రాడ్ జర్నల్స్ అన్నీ ఒకే సైజుకి తెస్తే తర్వాతి వాళ్లకి అయోమయం ఉండదు.

ఇచ్చే ముందు క్రాంక్‌కీ, రెండు హెడ్‌లకీ పగుళ్ల పరీక్ష చేయించండి. కంటికి కనిపించని వెంట్రుక పగులు అయస్కాంతం, ఇనుప పొడి పరీక్షలో గీతలా బయటపడుతుంది. పగిలిన క్రాంక్‌ని నున్నగా రుద్దించడం కంటే పిచ్చి పని ఇంకోటి లేదు.

#21 పానాశీను

ట్రాక్టర్లు తిరుగుతున్నాయి మరి! సరే, ఆయన బండి, ఆయన ఇష్టం.

#22 కొత్తచేతులు

శీను అన్నా, కోపం వద్దు. గ్రైండింగ్‌కే ఇచ్చాను. పగుళ్లు లేవు, బతికిపోయాను.

పంపు విప్పినవాళ్లు చెప్పింది: షాఫ్ట్ సీల్ రాయిలా గట్టిపడింది, ప్లంజర్ కూడా అరిగింది. నాలుగో నాజిల్ బెంచ్ మీద తుంపర కొట్టకుండా చుక్కలు కార్చింది. డీజిల్‌వాసన గారు రెండూ ముందే చెప్పారు.

బోరుని డయల్ గేజ్‌తో పైన, మధ్య, కింద, రెండు దిక్కుల్లో కొలిచాను. అసలు బోరు 4.56 అంగుళాలు, స్ట్రోకు 4.87. అరుగుదల మాన్యువల్ ఇచ్చిన హద్దులోనే ఉంది. కాబట్టి పిస్టన్లు పాతవే, రింగులు కొత్తవి, బోరుకి హోనింగ్ (సానరాళ్లతో గోడను సన్నగా గీరడం). అద్దంలా మెరిసిన గోడ మీద అడ్డదిడ్డపు గీతలు పడ్డాక మనసు కుదుటపడింది.

#23 మైక్రోమీటర్

హోనింగ్ తర్వాత బోరుని దేనితో కడిగారు?

#24 కొత్తచేతులు

డీజిల్‌తో. మంచిగా రెండుసార్లు.

#25 మైక్రోమీటర్

ఆగండి. పిస్టన్లు దించకండి.

డీజిల్, థిన్నర్ లాంటివి జిడ్డుని తీస్తాయి గానీ, గీతల్లో ఇరుక్కున్న రాతిపొడి అలాగే ఉండిపోతుంది. అది కొత్త రింగుల్ని మొదటి గంటలోనే అరగదీస్తుంది. వేడి నీళ్లు, బట్టల సబ్బు, గట్టి బ్రష్. నురగ తెల్లగా ఉండేదాకా తోమండి. వెంటనే ఆరబెట్టి ఆయిల్ పూయండి, లేకపోతే కళ్లముందే తుప్పు పడుతుంది. ఆయిల్‌లో తడిపిన తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ బూడిద రంగు అవ్వకూడదు.

#26 కొత్తచేతులు

నమ్మలేకపోయాను. రెండుసార్లు కడిగిన బోరుని తెల్ల గుడ్డతో తుడిస్తే పెన్సిల్ గీసినట్టు బూడిద మరక వచ్చింది. సబ్బుతో నాలుగుసార్లు తోమితే గానీ పోలేదు. ఇంట్లో బట్టల సబ్బు అయిపోయిందని మాటలు కూడా పడ్డాను.

#27 కొత్తచేతులు

బిగింపు మొదలైంది. ఈ ముక్క మాత్రం అందరూ చదవాలి.

కొత్త రాడ్ షెల్స్ పెట్టె మీద 0.010 అని అచ్చు వేసి ఉంది. నేరుగా బిగించేద్దామనుకున్నా. మైక్రోమీటర్ గారి మాటలు చెవిలో మోగుతుంటే ప్లాస్టిగేజ్ పెట్టి చూశాను. తెలియనివాళ్లకి: అది సన్నటి మెత్తటి దారం, జర్నల్ మీద పెట్టి క్యాప్‌ని (రాడ్ కింది సగాన్ని మూసే ముక్క) పూర్తి టార్కుకి బిగించి మళ్లీ విప్పితే, ఎంత వెడల్పుగా నలిగిందో చూసి సందు ఎంతో చెప్పొచ్చు. పచ్చది 1 నుంచి 3 థౌ దాకా కొలుస్తుంది. ఐదు రాడ్లకి చక్కగా నలిగింది. రెండో రాడ్‌కి దారం పెట్టింది పెట్టినట్టే, గుండ్రంగా, అసలు నలగనే లేదు!

షెల్ వెనక్కి తిప్పి చూశా. ఆ ఒక్క జతకి వెనక స్టాండర్డ్ అని గుద్ది ఉంది. పెట్టె ఒకటి, సరుకు ఒకటి. చూడకుండా బిగించి ఉంటే రెండో రాడ్‌కి ఉండాల్సిన దానికంటే 10 థౌ సందు ఎక్కువ. మోత కోసం విప్పిన ఇంజిన్‌లో మళ్లీ మోత. అమ్మినవాళ్లు సరైన జత పంపారు, ఆ గొడవ అక్కడితో వదిలేశా.

#28 పానాశీను

ఇది మాత్రం నాకూ పాఠమే. పెట్టె మీద అంకె చూసి బిగించడమే నా అలవాటు.

రాడ్ క్యాప్‌లు ఏ రాడ్‌వి దానికే, అటు ఇటు తిరగకుండా పెట్టావు కదా? మెయిన్ క్యాప్ బోల్టుల రంధ్రాలు కింద మూసుకుపోయి ఉంటాయి. వాటిలో ఆయిల్ నిలిచి ఉంటే బోల్టు దిగేటప్పుడు ఆ ఆయిల్‌కి దారి ఉండదు. టార్క్ రెంచ్ టక్‌మంటుంది గానీ క్యాప్ బిగియదు, ఖర్మ కాలితే బ్లాకే పగులుతుంది. గాలితో ఊదేసి బిగించు. ఇది మా ట్రాక్టర్లు నేర్పిన పాఠం 😀

#29 కొత్తచేతులు

ఊదాను అన్నా. మూడింట్లో ఆయిల్ లేచి మొహాన కొట్టింది.

హెడ్‌లు మధ్య నుంచి బయటికి, మాన్యువల్ వరుసలో, విడతలు విడతలుగా బిగించాను. పంపు వచ్చింది, గుర్తులు కలిశాయి. ఈ ఆదివారం స్టార్ట్ చేస్తున్నా. చేతులు వణుకుతున్నాయి.

#30 డీజిల్‌వాసన

టెన్షన్ పడకండి, కానీ తొందర కూడా పడకండి.

ఎయిర్ క్లీనర్ గొట్టం తీసేసి, టర్బో మూతికి సరిపోయే మందపాటి చెక్క పలక చేతికి అందేలా పెట్టుకోండి. పంపు ఇరుక్కుని గానీ, ఆయిల్ ఇన్‌టేక్‌లోకి పోయి గానీ ఇంజిన్ తనంతట తాను రేసు ఎక్కితే స్టాప్ కేబుల్ లాగినా ఆగకపోవచ్చు. ఇంధనం ఎక్కడి నుంచి వస్తున్నా గాలి మాత్రం అక్కడి నుంచే రావాలి, దాన్ని మూసేస్తే చచ్చినట్టు ఆగుతుంది. చెయ్యి అడ్డం పెట్టొద్దు, గుడ్డ అసలే వద్దు, లోపలికి లాక్కుంటుంది. ఇంకో మనిషిని పలక పట్టుకుని నిలబెట్టండి.

టర్బోకి వెళ్లే ఆయిల్ గొట్టంలో ముందే కాస్త ఆయిల్ పోయండి. స్టాప్ కేబుల్ లాగి ఉంచి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా స్టార్టర్ తిప్పండి, మధ్యమధ్యలో స్టార్టర్‌ని చల్లారనిస్తూ.

అంటుకున్నాక గంటల తరబడి ఐడిల్‌లో వదలకండి. కొత్త రింగులు బోరుకి కుదురుకోవాలంటే వెనక ఒత్తిడి పడాలి. ఖాళీగా గుడగుడలాడిస్తే గోడ మళ్లీ అద్దమైపోతుంది. వేడెక్కగానే లోడ్ ఇవ్వండి.

#31 కొత్తచేతులు

అంటుకుంది!!

రెండో విడత తిప్పేసరికి ప్రెషర్ ముల్లు లేచింది. కేబుల్ లోపలికి నెట్టి మళ్లీ తిప్పా. మొదట రెండు దగ్గులు, తెల్ల పొగ, మూడు సిలిండర్లతో కుంటుతూ. నాజిళ్ల గొట్టాల నట్లు ఒక్కొక్కటి వదులు చేసి గాలి తీసి బిగిస్తుంటే ఒక్కో సిలిండర్ వచ్చి కలిసింది. ఆరోది కలిశాక టర్బో ఈల మొదలైంది. పలక పట్టుకున్న మా తమ్ముడు ఆ ఈలకే అదిరిపోయి పలక కింద పడేశాడు. అవసరమే రాలేదు లెండి.

వేడెక్కాక ఐడిల్‌లో 28. కింద మోత లేదు.

#32 సుత్తిబాబాయ్

శభాష్. డిప్‌స్టిక్ సంగతి చెప్పు ముందు.

#33 కొత్తచేతులు

అది చెప్పడానికే ఆగాను బాబాయ్. పన్నెండు గంటలు తిప్పాక, బండిని సమంగా నిలిపి, రాత్రంతా చల్లారనిచ్చి చూశా. పోసిన రోజు గీత పక్కన ఆకురాయితో చిన్న గాటు పెట్టుకున్నా. ఆయిల్ సరిగ్గా ఆ గాటు దగ్గరే ఉంది. కాగితం మీద చుక్క కూడా వేశా, పసుపు వలయం లేదు.

రేపు రోడ్డెక్కిస్తున్నా.

#34 మైక్రోమీటర్

ఎక్కించకండి. ఈ ట్రక్కుకి గాలి సాయంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు, సర్క్యూట్ ఒక్కటే. ఆరు చక్రాల్లో ఏ ఒక్క గొట్టం పగిలినా పెడల్ నేలకి అంటుకుంటుంది, ఒక్క చక్రం కూడా పట్టదు. రబ్బరు గొట్టాలు ఎప్పటివి?

#35 కొత్తచేతులు

...పంపు సీల్ ఎప్పటిదో అప్పటివే అయి ఉంటాయి.

సరే, జాకీలు మళ్లీ బయటికి తీస్తున్నా. బ్రేకుల కోసం వేరే చర్చ మొదలుపెడతాను. శీను అన్నా, మొదటి సలహా నీదే కావాలి.

#36 పానాశీను

మొదటి సలహా: చక్రాల సిలిండర్లు ఆర్డర్ పెట్టకముందే ఒక్కో డ్రమ్ తీసి లోపల తడి ఉందేమో చూడు.

#37 మైక్రోమీటర్

ఇదేంటి, శీనేనా రాసింది?